1.5 నుంచి 1.8 దాకా: రాకర్ ఆర్మ్ వెనకున్న యాభై ఏళ్ల లెక్క

ఇవాళ నా చేతిలో ఉన్న ఈ సన్నటి ఇనుప కడ్డీని చూడండి. కెమెరాకి దగ్గరగా పెడతా. మధ్యలో ఒక పక్కన తళతళా మెరుస్తున్న చార కనిపిస్తోందా? అక్కడ వేలితో తడిమితే పల్లం తెలుస్తుంది. ఇది పుష్‌రాడ్. డాలస్ నుంచి వచ్చేటప్పుడు బ్యాగులో పెట్టుకుని తెచ్చుకున్నా. వెళ్లేటప్పుడు ఆవకాయ తీసుకెళ్లిన బ్యాగులోనే.

ఈ చార పడటానికి కారణం నేనే. 1.5 అనే నంబర్‌ని 1.6 చేశా, అంతే. ఆ రెండు నంబర్ల మధ్య ఎంత చరిత్ర ఉందో అప్పటికి నాకు తెలియదు. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ చరిత్ర గురించే. చివర్లో మా బావ ట్రక్కు సంగతీ చెప్తా.

ముందు రాకర్ ఆర్మ్ అంటే ఏంటో చూద్దాం. మీ తాతగారి పాత బుల్లెట్‌లోనూ, అంబాసిడర్ కారులోనూ ఇది ఉండేది. ఇలాంటి ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ కింద, బ్లాకులో తిరుగుతుంది. వాల్వులేమో పైన హెడ్‌లో ఉంటాయి. క్యామ్ మీదున్న గుడ్డు ఆకారపు లోబ్ ట్యాపెట్‌ని పైకి తోస్తుంది, ట్యాపెట్ పుష్‌రాడ్‌ని తోస్తుంది, పుష్‌రాడ్ రాకర్ ఆర్మ్‌కి ఒక కొసని ఎత్తుతుంది. రెండో కొస కిందికి దిగి వాల్వుని తెరుస్తుంది.

ఊళ్లో చేతి బోరింగు కొట్టిన వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. బోరింగు కర్ర మన వైపు పొడవు, రాడ్ వైపు పొట్టి. మన చెయ్యి బోలెడంత కదిలితే లోపలి రాడ్ కొంచెమే కదులుతుంది. బదులుగా మనకి బలం కలిసొస్తుంది. రాకర్ ఆర్మ్ దీనికి సరిగ్గా తిరగేసిన కేసు. పుష్‌రాడ్ వైపు పొట్టి, వాల్వు వైపు పొడవు. పుష్‌రాడ్ కొంచెం కదిలితే వాల్వు ఎక్కువ కదులుతుంది. ఎన్ని రెట్లు ఎక్కువ అనేదే రేషియో. లోబ్ 10 మిల్లీమీటర్లు ఎత్తితే 1.5 రేషియోతో వాల్వు 15 తెరుచుకుంటుంది, 1.6తో 16.

వాల్వు ఎక్కువ తెరుచుకుంటే గాలి ఎక్కువ వెళ్తుంది, గాలి ఎక్కువైతే పవర్ ఎక్కువ. మరి 2 పెట్టేస్తే పోలా? 3 పెడితే? బీటెక్ సెకండ్ ఇయర్‌లో మా సార్‌ని నేనిదే అడిగా. ఆయన నవ్వి, "బోరింగు కర్రని రాడ్ దగ్గర పట్టుకుని కొట్టి చూడరా, తెలుస్తుంది" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ మాటలో ఎంతుందో చాలా ఏళ్ల తర్వాత తెలిసొచ్చింది.

ఇక కథలోకి వెళ్దాం. ప్లేసు అమెరికా, డెట్రాయిట్ చుట్టుపక్కల.

వాల్వుల్ని హెడ్‌లో పెట్టి పైనుంచి తెరిచే ఇంజన్‌ని బ్యూయిక్ కంపెనీ 1904లోనే కార్లలో పెట్టింది. కానీ తర్వాత చాలా ఏళ్లు సామాన్యుడి కారుల్లో ఎక్కువగా నడిచింది ఫ్లాట్‌హెడ్. 1932లో వచ్చిన ఫోర్డ్ వీ8 కూడా అదే రకం. అందులో వాల్వులు బ్లాకులోనే ఉంటాయి, రాకర్ ఆర్ములే ఉండవు. చవక, సింపుల్. కాకపోతే గాలి మెలికలు తిరిగి లోపలికి వెళ్లాలి. 1949లో ఓల్డ్స్‌మొబిల్, కాడిలాక్ కొత్త వీ8లు తెచ్చాయి. వాల్వులు పైన, రాకర్లన్నీ ఒక పొడవాటి షాఫ్ట్ మీద వరసగా. బాగా పనిచేశాయి, కానీ షాఫ్టు, దాని స్టాండులు, ప్రతి రాకర్‌కీ మెషీనింగ్, మొత్తం కలిపితే బరువూ ఖర్చూ ఎక్కువే.

ఇక్కడ పాంటియాక్ డివిజన్‌లో క్లేటన్ లీచ్ అనే ఇంజనీర్‌కి ఒక ఐడియా వచ్చింది. షాఫ్టే వద్దు. హెడ్‌లో ఒక్కో వాల్వు పక్కన ఒక స్టడ్ పెడదాం. రేకుని ప్రెస్‌లో కొట్టి గిన్నెలాంటి రాకర్ చేద్దాం. దాన్ని స్టడ్ మీద కూర్చోబెట్టి, పైన అర్ధగోళంలాంటి బాల్ పెట్టి నట్ బిగిద్దాం. రాకర్ ఆ బాల్ మీద ఊగుతుంది. తేలిక, చవక.

1955లో పాంటియాక్ కొత్త వీ8 ఈ రాకర్లతోనే వచ్చింది. అదే ఏడాది షెవర్లే కూడా ఇదే పద్ధతి తీసుకుని తన 265 క్యూబిక్ ఇంచుల వీ8ని దించింది. దాని వెనకున్న చీఫ్ ఇంజనీర్ ఎడ్ కోల్. ఈయన అంతకుముందు కాడిలాక్ వీ8 మీద పనిచేసి వచ్చిన మనిషి. మనం ఇప్పుడు స్మాల్ బ్లాక్ షెవీ అని పిలుచుకునేది ఈ ఇంజన్‌నే. ఇది, దీని వారసులు కలిపి 2011 నాటికి 10 కోట్ల ఇంజన్లు తయారయ్యాయని జనరల్ మోటార్స్ పండగ చేసుకుంది.

ఆ ఇంజన్‌లో రాకర్ రేషియో 1.5. నేను ముందు దీన్ని పిసినారితనం అనుకున్నా. కాదు. అదొక రాజీ. వాల్వు పక్కనున్న స్ప్రింగ్ 100 కిలోల బలంతో నొక్కుతోందనుకోండి. 1.5 రాకర్ ఉంటే అవతల పుష్‌రాడ్ మీద, ట్యాపెట్ మీద 150 కిలోలు పడుతుంది. 1.6 అయితే 160. సార్ చెప్పిన బోరింగు కర్ర ఇదే. దూరం రెట్టింపైన చోట బరువూ రెట్టింపవుతుంది. ఆ రోజుల్లో ట్యాపెట్ అడుగు చదునుగా ఉండి, లోబ్ మీద రుద్దుకుంటూ తిరిగేది. రోలర్ లేదు. బరువు పెరిగితే లోబ్ అరిగిపోతుంది.

అంతేనా? వాల్వు అదే టైంలో ఎక్కువ దూరం వెళ్లి రావాలి, అంటే ఇంకా జోరుగా కదలాలి. స్పీడు పెరిగేకొద్దీ స్ప్రింగ్ దాన్ని అదుపులో పెట్టలేక చేతులెత్తేస్తుంది. వాల్వు గాల్లో తేలుతుంది. దీన్నే వాల్వ్ ఫ్లోట్ అంటారు. క్యామ్ వైపు నుంచి చూస్తే వాల్వు బరువు రేషియో స్క్వేర్‌తో కనిపిస్తుంది. 1.5 స్క్వేర్ 2.25, 1.6 స్క్వేర్ 2.56. మనం రేషియో ఏడు శాతం కూడా పెంచలేదు, క్యామ్‌కి మాత్రం ఆ వాల్వు 14 శాతం బరువెక్కినట్టు అనిపిస్తుంది. ఈ లెక్క నేను పరీక్షలో రాశా, మార్కులు కూడా వచ్చాయి. కానీ ట్రక్కు ముందు నిలబడినప్పుడు గుర్తు రాలేదు.

ఇప్పుడు ఆసక్తికరమైన సంగతి. షెవర్లే తర్వాతి పదిహేనేళ్లలో స్మాల్ బ్లాక్‌ని రెచ్చగొట్టింది. 1957లో ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో 283 క్యూబిక్ ఇంచులకి 283 హార్స్‌పవర్ అని ప్రకటించింది. అందులో జోరా ఆర్కస్ డంటోవ్ పేరు మీద పిలిచే క్యామ్ ఉండేది. 1967లో కమారో జీ28 కోసం 302 ఇంజన్ చేసింది. దాని క్యామ్ వాల్వుని దాదాపు 12.3 మిల్లీమీటర్లు తెరుస్తుంది. అంటే రేసు ట్రాక్ మీదికి దిగిన ఇంజన్. మరి ఇవన్నీ ఏ రేషియోతో? 1.5తోనే. ఫ్యాక్టరీ వాళ్లు క్యామ్ మార్చారు, స్ప్రింగులు మార్చారు, హెడ్లు మార్చారు, రాకర్ రేషియోని మాత్రం ముట్టుకోలేదు.

పక్క వీధిలో వేరే లెక్క నడిచింది. ఫోర్డ్ 1962లో తెచ్చిన స్మాల్ బ్లాక్‌లో 1.6. షెవర్లేదే బిగ్ బ్లాక్ 396, 1965లో వచ్చింది, దానికి 1.7. 1970లో ఫోర్డ్ 351 క్లీవ్‌ల్యాండ్‌కి 1.73. పాంటియాక్ మామూలు ఇంజన్లకి 1.5 పెట్టి, 1969 రామ్ ఎయిర్ 4కి 1.65 పెట్టింది. క్రైస్లర్ 1964 నాటి చిన్న వీ8కి 1.5తోనే సరిపెట్టుకుంది.

ఎందుకిలా? లోబ్‌ని ఇష్టమొచ్చినంత పెద్దది చేయలేం. క్యామ్‌షాఫ్ట్ బ్లాకులో ముందునుంచి దూరాలి కదా, బేరింగు రంధ్రం ఎంతో లోబ్ అంతకు మించకూడదు. ఇంకోటి, చదును ట్యాపెట్ వెడల్పు. షెవీలో అది 21 మిల్లీమీటర్లు పైచిలుకు. లోబ్ మరీ జోరుగా ఎత్తితే తాకే చోటు ట్యాపెట్ అంచు దాటిపోతుంది, అంచు లోబ్‌ని గీకేస్తుంది. కాబట్టి వాల్వుని త్వరగా, ఎక్కువగా తెరవాలంటే మిగిలిన దారి రాకర్ రేషియోనే. బిగ్ బ్లాక్, క్లీవ్‌ల్యాండ్ లాంటి పెద్ద వాల్వుల ఇంజన్లు ఆ దారి పట్టాయి. చదును ట్యాపెట్లే వాడాలన్న రూలున్న రోజుల్లో నాస్కార్ రేసు ఇంజన్లు 2 కూడా దాటాయి. కాకపోతే ఆ ఇంజన్‌ని రేసు అవ్వగానే విప్పేస్తారు. మనం సోమవారం పొద్దున అదే బండిలో ఆఫీసుకెళ్లాలి.

ఇక మామూలు జనం సంగతి. స్మాల్ బ్లాక్ కోట్లలో ఉంది, స్పేర్లు చవక. క్యామ్ మార్చాలంటే రేడియేటర్ తీయాలి, ముందు కవర్ తీయాలి, మ్యానిఫోల్డ్ తీయాలి. రాకర్ మార్చాలంటే ట్యాపెట్ కవర్ తీస్తే చాలు, ఒక మధ్యాహ్నం పని. పైగా క్యామ్ టైమింగ్ దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి ఐడ్లింగ్ పాడవదు, బ్రేకుకి కావాల్సిన వ్యాక్యూమ్ తగ్గదు. సిగ్నల్ దగ్గర బండి వణకదు. అందుకే 1.6 రాకర్లు వీధి బండ్లకి బాగా పేరు తెచ్చుకున్నాయి. కొంతమంది ఎగ్జాస్ట్ వాల్వులకి మాత్రమే 1.6 వేసి ఇంటేక్‌కి 1.5 ఉంచుతారు. అది కూడా ఒక పద్ధతే.

1996లో ఫ్యాక్టరీ కూడా ఒప్పుకుంది. కార్వెట్ ఎల్‌టీ4 ఇంజన్‌లో 1.6 రోలర్ రాకర్లు వచ్చాయి. దాని పక్కనే ఉన్న ఎల్‌టీ1కి 1.5, 300 హార్స్‌పవర్. ఎల్‌టీ4కి 330. చూశారా, 1.6 వేస్తే 30 హార్స్‌పవర్ అని చాలామంది చెప్పేది దీన్ని చూసే. కానీ ఎల్‌టీ4లో ఇంకేం మారాయో చూడండి. హెడ్లు వేరు, వాల్వులు పెద్దవి, స్ప్రింగులు వేరు, క్యామ్ వేరు, ఇంటేక్ వేరు, కంప్రెషన్ 10.4 నుంచి 10.8. రాకర్ ఆ లిస్టులో ఒక లైను మాత్రమే.

1997లో వచ్చిన ఎల్‌ఎస్1లో ఏకంగా 1.7. కానీ అది కొత్త బ్లాకు, కొత్త హెడ్లు, మొదటినుంచీ రోలర్ ట్యాపెట్లు, రాకర్లు కూడా బోల్టుతో గట్టిగా బిగించేవి. 2006 కార్వెట్ జీ06 ఎల్‌ఎస్7కి 1.8. ఏడు లీటర్లు, 505 హార్స్‌పవర్, 7000 ఆర్‌పీఎం దాకా. దాన్ని తట్టుకోవడానికి ఇంటేక్ వాల్వులు టైటానియంతో చేశారు, ఎగ్జాస్ట్ వాల్వుల్ని బోలుగా చేసి లోపల సోడియం నింపారు. రేషియో పెరగాలంటే ముందు వాల్వు బరువు తగ్గాలని వాళ్లకి తెలుసు.

1955 నుంచి 2006 దాకా చూస్తే నాకు కనిపించింది ఒకటే. రేషియో ఎప్పుడూ ముందు పెరగలేదు. రోలర్ ట్యాపెట్ వచ్చాక, స్ప్రింగు బాగుపడ్డాక, వాల్వు తేలికయ్యాక, హెడ్‌లో చోటు చేశాక చివర్లో పెరిగింది. మేము దాన్ని మొదట పెంచాం.

మా బావ అంటే మా అక్క వాళ్లాయన. డాలస్‌లో పదేళ్ల నుంచీ ఉంటున్నాడు. నేను ఆన్‌సైట్ మీద రెండేళ్లు వాళ్లింటికి దగ్గర్లోనే ఉన్నా. ఆయన 1978 షెవీ పికప్ ఒకటి కొన్నాడు, 350 ఇంజన్. ఆయన తన కోసం కొనుక్కున్న ఒకే ఒక వస్తువు అదే. మిగతాదంతా ఇంటి లోను, పిల్లల చదువు, ఇక్కడికి పంపే డబ్బు. ఆదివారం పొద్దున దాన్ని బయటికి తీసి కడగడమే ఆయనకి పండగ.

"బామ్మర్దీ, నువ్వు మెకానికల్ కదా, దీనికి కొంచెం ఊపు తెప్పించరా" అన్నాడు. నేను ఛాతీ విరుచుకుని 1.6 రాకర్లు ఆర్డర్ పెట్టించా. లెక్క కూడా వేసి చూపించా. స్టాక్ క్యామ్‌తో ఇంటేక్ లిఫ్ట్ 9.9 మిల్లీమీటర్ల నుంచి 10.6కి వెళ్తుంది, ఎగ్జాస్ట్ 10.4 నుంచి 11.1కి. లెక్క కరెక్టే. శనివారం మధ్యాహ్నం నాలుగు గంటల్లో వేసేశాం. బండి నిజంగానే కొంచెం హుషారుగా అనిపించింది. బావ మొహం చూడాలి మీరు!

మూడు వారాలకి టిక్కు టిక్కుమని చప్పుడు. ట్యాపెట్ కవర్ తీసి చూస్తే ఇందాక మీకు చూపించిన ఈ చార. ఏం జరిగిందంటే, 1.6 రాకర్‌లో రేషియో పెరగాలంటే పుష్‌రాడ్ కూర్చునే గుంటని స్టడ్‌కి దగ్గరగా జరపాలి. అంటే పుష్‌రాడ్ స్టడ్ వైపు వాలుతుంది. ఆ కాలపు హెడ్లలో పుష్‌రాడ్ దూరే సన్నటి స్లాట్ ఉంటుంది, ఆ స్లాటే దాన్ని పక్కకి పోకుండా పట్టుకుంటుంది. 1.5 కోసం కోసిన స్లాట్ అది. మా పుష్‌రాడ్ ప్రతి తిప్పుకీ దాని గోడని రుద్దుకుంది. ఇనుప పొడి ఆయిల్‌లో కలిసింది. ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే వెండి రజను చల్లినట్టు మెరిసింది. చివరికి ఆయిల్ పాన్ దించి బేరింగులు మార్చాల్సి వచ్చింది.

నాలుగు ఆదివారాలు పోయాయి. డబ్బు కూడా పోయింది, ఎంతో ఆయన నాకు చెప్పలేదు. ఒక్క మాట కూడా అనలేదు. అక్క మాత్రం కాఫీ ఇస్తూ, "వాడు నిన్ను నమ్మాడురా" అంది. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ మీద ఒక్క వాల్యూ మార్చాలంటే ముగ్గురితో రివ్యూ చేయించే మనిషిని నేను. బావ ట్రక్కు దగ్గర రివ్యూనే లేదు.

కాబట్టి, మీలో ఎవరైనా అక్కడుండి పాత షెవీ మీద చెయ్యి వేసేట్టుంటే, నేను ముందు చూడాల్సినవి ఇవి. ఒకటి, పుష్‌రాడ్ స్లాట్‌లో ఖాళీ. ఇంజన్‌ని చేత్తో తిప్పుతూ ప్రతి పుష్‌రాడ్‌నీ మొత్తం లిఫ్ట్‌లో చూడాలి. తాకితే స్లాట్ పెద్దది చేయించి, గైడ్ ప్లేట్లు, గట్టిపరిచిన పుష్‌రాడ్లు వేయాలి. వాల్వు కొనని తనే పట్టుకునే సెల్ఫ్ అలైనింగ్ రాకర్లుంటే మాత్రం గైడ్ ప్లేట్లు వేయకూడదు, రెండూ ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. రెండు, స్ప్రింగ్ పూర్తి లిఫ్ట్‌లో చుట్టలు అతుక్కుపోకుండా కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్లు మిగలాలి. మూడు, రిటైనర్‌కీ సీల్‌కీ మధ్య కనీసం 1.3. నాలుగు, పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య ఇంటేక్‌కి 2, ఎగ్జాస్ట్‌కి 2.5. ఐదు, రేకు రాకర్‌లో స్టడ్ దూరే గాడి. రాకర్ ఎక్కువ ఊగితే గాడి అంచు స్టడ్‌కి తగులుతుంది. ఆరు, పాత హెడ్లలో స్టడ్లు ఊరికే నొక్కి దింపినవి, మర ఉండదు. గట్టి స్ప్రింగులు వేస్తే అవి పైకి లేచొస్తాయి.

ఇంకో మాట. కంపెనీలు షెవీ క్యామ్‌కి రాసే లిఫ్ట్ సాధారణంగా 1.5 లెక్కన ఉంటుంది. మీరు 1.6 వేస్తే ఆ నంబర్‌ని 1.5తో భాగించి 1.6తో గుణించాలి. రాకర్ మీద రాసిన నంబర్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. డయల్ గేజ్ పెట్టి వాల్వు ఎంత దిగుతోందో కొలవండి. కొత్త క్యామ్ ఎలాగూ వేస్తున్నారంటే, 1.5కి సరిపోయే క్యామ్ ఎంచుకుని రేషియో జోలికి వెళ్లకపోవడమే వీధి బండికి చాలాసార్లు మంచిది. జీ28 వాళ్లు చేసిందీ అదేగా.

బావ ట్రక్కు ఇప్పుడు మళ్లీ 1.5తోనే తిరుగుతోంది. పాత రేకు రాకర్లే. మొన్న వీడియో కాల్‌లో ఇంజన్ స్టార్ట్ చేసి వినిపించాడు. "చప్పుడు బాగుందా బామ్మర్దీ?" అని అడిగాడు. బాగుంది బావా అన్నా. ఈసారి నిజంగా చెవి పెట్టి విని చెప్పా.

ఈ పుష్‌రాడ్ మాత్రం నా డెస్క్ మీదే ఉంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో ఇంజన్ కథతో కలుద్దాం. అప్పటిదాకా సెలవు, ఉంటా మరి.